హర్డీ గర్డీ మొదలుపెట్టేవాళ్లకు ఏది మేలు: కిట్టా, అద్దెదా, కొత్తదా?

హర్డీ గర్డీ అంటే పిడి తిప్పుతూ మీటలు నొక్కి వాయించే తీగల వాయిద్యం. దాని మోత ఒక్కసారి చెవిన పడితే చాలు, కొందరు ఆ రాత్రే ఆన్‌లైన్‌లో కొనడానికి వెతుకుతారు. చాలామంది బోల్తా పడేది అక్కడే. చూడ్డానికి ముచ్చటగా, చవకగా దొరికే వాటిలో చాలావాటికి ఆకారమే తప్ప పలుకు ఉండదు. మీటలు ఇరుక్కుంటాయి, చక్రం గుండ్రంగా ఉండదు. బాగు చేయించబోతే కొన్న ధర కంటే ఎక్కువవుతుంది. ఆ దారి గురించి ఇక మాట్లాడను.

మిగిలినవి మూడు: విడిభాగాలు తెచ్చుకుని మనమే బిగించుకునే కిట్, అద్దెది, తయారీదారు దగ్గర చేయించుకునేది. వీటిని ధరను బట్టి పోల్చడం కంటే దూదిని బట్టి పోల్చడం మంచిదంటాను.

నవ్వకండి, ఈ వాయిద్యానికి ప్రాణం దూదే. పిడి తిప్పితే రోజిన్ (కమానుకు రాసే చెట్టు బంక) రాసిన చక్రం తీగల మీద రాసుకుంటూ వయొలిన్ కమానులా పలికిస్తుంది. తీగ చక్రానికి తగిలే చోట పొడుగు పీచు దూది పలచగా చుట్టాలి. ఎక్కువైతే శబ్దం మొద్దుబారుతుంది, తక్కువైతే గీరుకుపోతుంది. నేను మొదట్లో రెండు వారాలు నా చెయ్యే కుదరడం లేదనుకున్నాను. తెలిసినాయన ఒకరు చూసి, బ్రిడ్జి (తీగలను మోసే చెక్క ముక్క) గాడిలో తీగ కింద చిన్న కాగితం ముక్క దూర్చారు. చక్రం మీద తీగ ఒత్తిడి తగ్గింది, కీచుమనడం ఆగిపోయింది. తప్పు నాదా, వాయిద్యానిదా అన్నది కొత్తవాడికి తెలియదు. అసలు చిక్కు అదే.

అందుకే నా ఓటు అద్దెకు. సరిగ్గా అమర్చి ఇస్తారు, ఏదైనా తేడా వస్తే అడగడానికి మనిషి ఉంటాడు. నచ్చకపోతే తిరిగి ఇచ్చేయొచ్చు. కాకపోతే అద్దెకిచ్చేవాళ్లు తక్కువ, చాలాచోట్ల అసలు ఉండరు.

అలాంటప్పుడు కిట్. నెదర్లాండ్స్‌కు చెందిన నెర్డీ గర్డీ వాళ్లది బాగా తెలిసిన పేరు, లేజర్‌తో కోసిన చెక్క ముక్కలు వస్తాయి. నాదం చేతితో చేసిన మంచి వాయిద్యమంత నిండుగా ఉండదు. కానీ ప్రతి ముక్కా మీ చేతుల మీదుగా వెళ్తుంది కాబట్టి, తర్వాత ఎక్కడ ఏం తప్పిందో వెతుక్కోవడం తెలుస్తుంది. జిగురు పని అంటే విసుగున్నవాళ్లు మాత్రం దీని జోలికి పోవద్దు.

తయారీదారు చేసేది అన్నిటికంటే మేలే, అందులో అనుమానం లేదు. కానీ పేరున్నవాళ్ల దగ్గర నెలలు, ఒక్కోసారి ఏళ్లు ఆగాలి. పైగా ఏ శ్రుతి కావాలని వాళ్లడిగితే కొత్తవాడు ఏం చెబుతాడు? ఫ్రెంచ్ పద్ధతిలో జి/సి, డి/జి అని రెండు అమరికలు ఎక్కువగా వాడతారు. ఎవరితో కలిసి వాయించబోతున్నారో తేలాకే అది తేల్చుకోవాలి.

ఏది తీసుకున్నా ట్రొంపెట్ తీగ ఉన్నదే తీసుకోండి. దాని కింద ఒక కాలు వదులుగా ఉన్న చిన్న బ్రిడ్జి ఉంటుంది. ఫ్రెంచ్‌లో దాన్ని షియెన్, అంటే కుక్క అంటారు. మణికట్టుతో పిడిని ఒక్క ఊపు ఊపితే ఆ కాలు చెక్క మీద టపటపలాడి బర్రుమంటుంది, తాళం పుట్టేది దానితోనే. అయితే మొదటి కొన్ని వారాలు ఆ తీగను చక్రం నుంచి పక్కకు తప్పించి, పిడిని సమానంగా తిప్పడం ఒక్కటే సాధన చేయండి. ఒక చుట్టులో నాలుగు ఊపులు సమానంగా రావడం తర్వాతి పని. ఇక్కడ తొందరపడ్డవాళ్ల చెయ్యి బిగుసుకుపోతుంది, మళ్లీ వదులు చేసుకోవడం పెద్ద తలనొప్పి.

వాడినది దొరికితే వదలకండి, కానీ వినకుండా కొనొద్దు. చక్రానికి రోజిన్ సమంగా రాయించి, ఒక్క తీగ మాత్రమే తగిలేలా ఉంచి, మెల్లగా తిప్పమనండి. ప్రతి చుట్టులోనూ అదే చోట శబ్దం లేచి పడుతుంటే చక్రం వంకరపోయినట్టే. ధర ఎంత తగ్గిస్తానన్నా సరే, వద్దని వచ్చేయండి.