రోమ్‌లో కొలోసియం టికెట్లు కొనేవాళ్ళు జాగ్రత్త: మా అమ్మకి జరిగింది ఇంకెవరికీ జరగకూడదు

వేసవి సెలవులకి యూరప్ వెళ్ళేవాళ్ళు ఇప్పట్నుంచే టికెట్లు చూసుకుంటూ ఉంటారు కాబట్టి ఆలస్యం చేయకుండా రాస్తున్నాను. రోమ్ మీ లిస్టులో ఉంటే, అందులోనూ పెద్దవాళ్ళని తీసుకెళ్తుంటే, కొలోసియం (రోమన్ల కాలంలో గ్లాడియేటర్లనే యోధులు పోరాడిన పెద్ద కట్టడం) టికెట్ కొనేముందు దయచేసి ఇది పూర్తిగా చదవండి. అసలు సంగతి ముందే చెప్పేస్తాను. వెతికినప్పుడు గూగుల్‌లో అన్నిటికన్నా పైన కనబడేది చాలాసార్లు అసలు సైటు కాదు, డబ్బు కట్టి పెట్టించుకున్న ప్రకటన. టికెట్ మీద మీ పేరు లేకపోతే లోపలికి పంపరు. "స్కిప్ ది లైన్" (క్యూలో నిలబడక్కర్లేదు) అని ఎంత ఎక్కువ తీసుకున్నా సరే, సెక్యూరిటీ క్యూ మాత్రం ఎవ్వరికీ తప్పదు.

మా అమ్మ 31 ఏళ్ళు జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్పింది. శాతవాహనుల పాఠం వచ్చినప్పుడల్లా పుస్తకం పక్కన పెట్టేసి, రోమ్‌తో మన వర్తకం గురించీ, నాగార్జునకొండలోనూ నల్గొండ జిల్లాలోనూ బయటపడ్డ రోమన్ నాణేల గురించీ చెప్పేదట. ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళు ఇప్పటికీ నాతో అంటుంటారు. నాన్న పోయాక రెండేళ్ళు ఇల్లు కదల్లేదు. ఎక్కడికైనా వెళ్దామే అమ్మా అని వెంటపడితే ఒక్కటే మాట అంది: "వెళ్తే రోమ్ వెళ్దాం. లేకపోతే వద్దు." మొన్న దసరా అయ్యాక, అక్టోబరులో, ఐదు రోజులకి తల్లీకూతుళ్ళం ఇద్దరమే బయల్దేరాం.

ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. ఎక్కువసేపు నిలబడలేదు, మెట్లు అసలే పడవు. అందుకే నేను క్యూ లేని టికెట్ కోసం వెతికాను. మొదట వచ్చిన సైటు పేరులోనే "అఫీషియల్", "టికెట్స్" అన్న మాటలున్నాయి. పైన కొలోసియం బొమ్మతో లోగో. పక్కన గడియారం వెనక్కి నడుస్తోంది, "ఈ తేదీకి ఇంక 3 టికెట్లే" అని ఎర్ర అక్షరాల్లో ఉంది. అరీనాలోకి, అంటే గ్లాడియేటర్లు పోరాడిన నేల మీదికి ప్రవేశం, ఇంగ్లిష్ గైడు, పెద్దవాళ్ళకి లిఫ్టు దాకా మనిషి తోడు అని రాశారు. ఆ లిఫ్టు మాట చూసే కొన్నాను. ఒక్కొక్కరికి 59 యూరోలు, ఇద్దరికీ 118. సైటే రూపాయల్లో లెక్క వేసి చూపించింది, సరేనని నొక్కేశాను, 12,500 దాకా కట్టయ్యాయి. అదే అరీనాతో కలిపిన టికెట్ అసలు సైటులో మనిషికి 24 యూరోలు. అరీనా లేకుండా మామూలుది 18. పక్కనే ఉన్న పాత రోమన్ శిథిలాలు, ఫోరమ్, పాలటైన్ కొండ కూడా అందులోనే వస్తాయి. ఈ సంగతి నాకు తర్వాతెప్పుడో తెలిసింది.

మెయిల్‌కి వచ్చింది టికెట్ కాదు, వోచర్, అంటే అక్కడికెళ్ళాక టికెట్ ఇస్తామని రాసిన చీటీ. తేడా నాకు అప్పుడు తెలియలేదు. అందులో 10:15 అని టైమ్ ఉంది, అరగంట ముందు మెట్రో స్టేషన్ ఎదురుగా పచ్చ గొడుగు పట్టుకున్న మనిషిని కలవమని ఉంది.

మేం 9:20కే చేరాం. మెట్రో బి లైన్‌లో కొలోస్సెయో స్టేషన్ నుంచి బయటికొస్తే కొలోసియం ఎదురుగానే ఉంటుంది, తలెత్తి చూడాల్సిందే. అమ్మ నా చెయ్యి పట్టుకుని అలాగే నిలబడిపోయింది, ఏం మాట్లాడలేదు. సరిగ్గా ఆ క్షణంలో ఆవిడ మొహం చూడ్డం కోసమే నేను ఈ ప్రయాణం పెట్టుకున్నాను.

9:45 అయింది. 10 అయింది. పచ్చ గొడుగు లేదు. మాలాగే ఆ వోచర్లు పట్టుకుని ఇంకో పది పదిహేను మంది చేరారు, వాళ్ళల్లో పసిపిల్లతో వచ్చిన ఒక పూణె కుటుంబం కూడా ఉంది. వోచర్ మీదున్న నంబరుకి చేస్తే రింగవుతోంది, ఎత్తరు. 10:25కి ఒక కుర్రాడు పరిగెత్తుకుంటూ వచ్చి, జేబులోంచి మడతపెట్టిన కాగితాల కట్ట తీసి తలా ఒకటి పంచాడు. గైడు ఏడని అడిగితే లోపల ఉంటాడన్నాడు. కాగితం విప్పి చూస్తే అది మామూలు ప్రవేశం, అరీనా లేదు. పైన పేరు చూస్తే నాది కాదు. అమ్మ కాగితం మీద ఉన్నదీ అమ్మ పేరు కాదు. ఇదేమిటని అడిగితే, "ఏం ఫర్వాలేదు, ఎవరూ చూడరు" అన్నాడు.

చూశారు. సెక్యూరిటీ లైన్లో 40 నిమిషాలు నిలబడ్డాక, గేటు దగ్గర ఉద్యోగిని మా పాస్‌పోర్టులు అడిగింది. కాగితం మీది పేరు కింద వేలు పెట్టి, పాస్‌పోర్టులో పేరు కింద వేలు పెట్టి, తల అడ్డంగా ఊపింది. నేను బతిమాలాను, డబ్బు కట్టిన మెయిల్ చూపించాను, అమ్మ కాళ్ళు చూపించాను. ఆవిడ కోప్పడలేదు కూడా. ఇలాంటివాళ్ళు మాకు రోజూ వస్తారని మాత్రం అంది. 2023 అక్టోబరు నుంచి అక్కడ ప్రతి టికెట్ మీదా మనిషి పేరు ఉండాలి, గుర్తింపు కార్డుతో సరిపోవాలి. ఆవిడ చేతుల్లో ఏం లేదు, ఆవిడ తప్పేం లేదు. వెనక్కి వచ్చేసరికి ఆ కుర్రాడు లేడు, ఫోను స్విచాఫ్.

అక్కడి కౌంటరులో అడిగితే ఆ రోజువి అయిపోయాయి. ఫోన్లో అసలు సైటు తెరిచి చూస్తే మేం ఉండే మిగతా రోజులకీ ఖాళీ లేదు.

నాకు ఏడుపొచ్చేసింది. అమ్మే నన్ను పక్కకి తీసుకెళ్ళి, గోడ చుట్టూ కొంచెం నడుద్దాం రావే అంది. నడుస్తూ నడుస్తూ ఒకచోట ఆగి, కమాను పైన రాతిలో చెక్కిన అంకెలు చూపించింది. నేనైతే వాటిని గమనించేదాన్నే కాదు. ఎండకీ వానకీ అరిగినా చదవడానికి వీలుగానే ఉన్నాయి, రోమన్ అంకెల్లో 23 నుంచి 54 దాకా ఇప్పటికీ మిగిలాయట. క్రీ.శ. 80లో టైటస్ చక్రవర్తి దీన్ని తెరిచినప్పుడు చుట్టూ 80 ద్వారాలు. చూడ్డానికొచ్చే జనం చేతిలో బిళ్ళ ఉండేది, బిళ్ళ మీద ఏ ద్వారమో ఉండేది, 50 వేల మంది తొక్కిసలాట లేకుండా ఎవరి ద్వారంలోంచి వాళ్ళు వెళ్ళి కూర్చునేవారట. అమ్మ తన క్లాసులో చెప్పినట్టే చెప్పింది. చెప్పడం అయ్యాక చెయ్యి చాపి ఆ స్తంభాన్ని ఒకసారి ముట్టుకుంది. "పోనీలేవే, ముట్టుకున్నాను కదా" అంది. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు.

ఇప్పుడు ఇది ఎలా జరుగుతుందో చెప్తాను, ఎందుకంటే ఇది మాకొక్కరికే జరిగింది కాదు. అసలు టికెట్లు పరిమితం. కొందరు కంప్యూటర్ ప్రోగ్రాములు పెట్టి టికెట్లు విడుదలైన నిమిషాల్లోనే పెద్ద ఎత్తున కొనేసి, వాటికి గైడనీ, స్కిప్ ది లైననీ ఏదో ఒకటి తగిలించి రెండు మూడింతలకి అమ్మేవారు. ఇటలీలో వ్యాపార పోటీని పర్యవేక్షించే ప్రభుత్వ సంస్థ దీని మీద 2023లో విచారణ మొదలుపెట్టి, 2025 ఏప్రిల్‌లో, అప్పట్లో టికెట్లు అమ్మిన సంస్థకీ ఆరు టూర్ కంపెనీలకీ కలిపి 2 కోట్ల యూరోల దాకా జరిమానా వేసింది. పేర్లు రాయాలన్న నిబంధన వచ్చింది కూడా ఈ బ్లాకు వ్యాపారాన్ని ఆపడానికే. అంత జరిగినా మాలాంటివాళ్ళకి వేరే పేర్ల కాగితాలు అంటగట్టేవాళ్ళు ఉన్నారు. గైడ్లందరూ మోసగాళ్ళని నేననడం లేదు. లైసెన్సు ఉన్న మంచి గైడ్లు ఉన్నారు, వాళ్ళు ముందే మీ పాస్‌పోర్టు పేర్లు అడిగి ఆ పేర్లతోనే టికెట్ తీస్తారు. కొనేటప్పుడు పాస్‌పోర్టు పేరు అడగని చోట కొనకండి. నాకు ఈ ఒక్క ముక్క తెలిసుంటే చాలు, బయటపడేదాన్ని.

అసలు సైటు చిరునామా టికెటింగ్ డాట్ కొలోస్సెయో డాట్ ఐటీ. కొలోస్సెయో అన్నది ఇటాలియన్ స్పెల్లింగ్: సీ, ఓ, ఎల్, ఓ, ఎస్, ఎస్, ఈ, ఓ. చివర యూ, ఎమ్ అక్షరాలతో ఇంగ్లిష్‌లో రాసిన కొలోసియం ఉంటే అది వేరేవాళ్ళది. గూగుల్‌లో వెతక్కుండా చిరునామా నేరుగా కొట్టండి. మామూలు టికెట్లు వెళ్ళే తేదీకి 30 రోజుల ముందు తెరుచుకుంటాయి, కాబట్టి వీసా వచ్చాక చూద్దాంలే అని కూర్చుంటే దొరకవు. ఆ తేదీని క్యాలెండర్లో రాసిపెట్టుకుని సైటు ముందు కూర్చోండి.

పేరు దగ్గర మనవాళ్ళకి ఇంకో చిక్కుంది. ఇంటిపేరు ఒక్కో పాస్‌పోర్టులో ఒక్కోలా ఉంటుంది, కొందరికి సర్‌నేమ్ గడి ఖాళీగానే ఉంటుంది, పెళ్ళయ్యాక కొందరికి మారుతుంది. అమ్మ ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరం, పాస్‌పోర్టులో మొత్తం. మనం పిలుచుకునే పేరో, ఆధార్‌లో ఉన్న పేరో రాయకండి. పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం దించండి. ఆ రోజు అసలు పాస్‌పోర్టే వెంట తీసుకెళ్ళండి.

వాటికన్ మ్యూజియంలకీ ఇదే తంతు. అసలు సైటు చిరునామా చివర డాట్ వీఏ అని ఉంటుంది, అది వాటికన్ సొంత గుర్తు. టికెట్ 20 యూరోలు, ఆన్‌లైన్‌లో తీసుకుంటే ఇంకో 5. అక్కడ మేం ముందే అసలు సైటులో తీసుకున్నాం, ఏ ఇబ్బందీ లేదు. సెయింట్ పీటర్స్ చర్చి లోపలికి ఉచితం, దానికి ఎవరైనా టికెట్ అమ్మితే కొనకండి. భుజాలూ మోకాళ్ళూ కప్పి ఉండాలి, చీరలో ఉన్న అమ్మని అందరికన్నా గౌరవంగా పంపారు. పాంథియన్ అనే పాత రోమన్ గుడికి మేం వెళ్ళినప్పుడు 5 యూరోలు. బ్రేస్‌లెట్లు చేతికి కట్టేసి డబ్బులు అడిగేవాళ్ళూ, గ్లాడియేటర్ వేషాల్లో ఫోటో దిగి డబ్బులు లాగేవాళ్ళూ ఎలాగూ ఉంటారు, చేతులు ముడుచుకుని నడిచిపోండి.

ఇక డబ్బు సంగతి. హోటల్‌కి వచ్చాక ఆ కంపెనీకి రాస్తే, మేమే ఆలస్యంగా వచ్చామనీ అందుకని పైసా తిరిగివ్వమనీ జవాబు. రాత్రికి రాత్రే మా బ్యాంకు యాప్‌లో డిస్ప్యూట్, అంటే డబ్బు వెనక్కి ఇప్పించమని ఫిర్యాదు, పెట్టాను. చెప్పిన సేవ ఇవ్వలేదు అన్న కారణం ఎంచుకున్నాను. నన్ను కాపాడింది రెండు ఫోటోలు: మెట్రో ముందు అమ్మని 9:24కి తీసిన ఫోటో, అందులో టైమ్ ఉంది, వేరే పేర్లున్న ఆ కాగితాల ఫోటో. కొనేటప్పుడు పేజీ స్క్రీన్‌షాట్ తీసుకోలేదు, అందువల్ల అరీనా ఇస్తామన్నారని రుజువు చేయడానికి చాలా తిప్పలు పడ్డాను. ఏడు వారాలకి 118 యూరోలకి సరిపడా డబ్బు వచ్చింది, బ్యాంకు ఫారిన్ ఛార్జీలు మాత్రం రాలేదు. ఇలాంటివాటికి గడువు ఉంటుంది, సాధారణంగా 120 రోజులు. ఇంటికొచ్చి తీరిగ్గా చూద్దాం అనుకోకండి. ఇంకోటి, కట్టేటప్పుడు రూపాయలా యూరోలా అని అడిగితే యూరోలే ఎంచుకోండి. రూపాయల్లో కడితే వాళ్ళు వేసే మారకపు రేటు భారం మన మీద పడుతుంది.

డబ్బు వచ్చింది కదా అని కొందరు స్నేహితులు అన్నారు. వచ్చింది, కానీ 63 ఏళ్ళ మనిషి మోకాళ్ళు నొక్కుకుంటూ ఆ గేటు దగ్గర నిలబడి, వెనక జనం చూస్తుండగా పక్కకి తప్పుకోవాల్సి రావడం ఏ బ్యాంకూ వెనక్కి ఇవ్వలేదు.

ఆ రోజు మధ్యాహ్నం మేం ఫోరీ ఇంపీరియాలీ రోడ్డు వెంట మెల్లగా నడిచి ట్రాజన్ చక్రవర్తి స్తంభం చూశాం. క్రీ.శ. 113 నాటిది, చుట్టూ తిరుగుతూ పైకి పోయే యుద్ధాల బొమ్మలు. సాయంత్రం కాంపిదోలియో కొండ మీద మున్సిపల్ భవనం వెనక నుంచి కింద ఫోరమ్ మొత్తం కనబడింది. రెండూ ఉచితం. పెద్దవాళ్ళు లోపల తిరగలేకపోతే అక్కడి నుంచి చూపించండి, కాకపోతే పైకి వెళ్ళడానికి మెట్లు గానీ ఏటవాలు గానీ ఎక్కాలి, టాక్సీలో వెళ్తే నయం.

ఇప్పటికే ఇలాంటి సైటులో కొనేసినవాళ్ళు కంగారు పడకండి. ఇవాళే వాళ్ళకి మెయిల్ పెట్టి, మీ పాస్‌పోర్టు పేర్లతో ఉన్న అసలు టికెట్ ఫైలు ప్రయాణానికి ముందే పంపమని అడగండి. పంపితే పేరు, తేదీ, టైము, అరీనా ఉందా లేదా సరిచూసుకోండి. "అక్కడికొచ్చాక చేతికిస్తాం" అంటే రద్దు చేయమని రాతపూర్వకంగా అడిగి, ఒప్పుకోకపోతే ఆ జవాబుతో సహా బ్యాంకుకి వెళ్ళండి, ఈలోపు అసలు సైటులో మీ తేదీకి టికెట్లు తీసుకోండి. ఎవరికైనా పేర్ల దగ్గర అనుమానం ఉంటే కింద అడగండి, నాకు తెలిసినంత చెప్తాను.