సర్టిఫికెట్ వివరాలు: సెట్టింగుల ఫైల్లోనా, విడి పత్రంలోనా?

ఓపెన్‌ఎల్‌డాప్ డైరెక్టరీ సర్వర్‌కు (వాడుకరుల వంటి వివరాలను దాచి, అడిగిన క్లయింట్లకు అందించేది) సర్టిఫికెట్ అమర్చాక, ఆ సెట్టింగుల వివరణ ఎక్కడ రాసిపెట్టాలి?

శ్రమ: ఫైల్లో వ్యాఖ్యగా (సర్వర్ పట్టించుకోని గమనికగా) రాయడం క్షణాల పని. విడి పత్రాన్ని పనిగట్టుకుని తెరవాలి, అందుకే అది త్వరగా పాతబడుతుంది.

ముప్పు: చేత్తో దిద్దే పాత తరహా సెట్టింగుల ఫైలు స్లాప్‌డి.కాన్ఫ్‌లో వ్యాఖ్యలు నిలుస్తాయి. సెట్టింగులను డైరెక్టరీలోనే ఉంచే సీఎన్=కాన్ఫిగ్ పద్ధతిలో సెట్టింగుల ఫైళ్లను సర్వరే రాసుకుంటుంది, వాటిని చేత్తో దిద్దకూడదు. అక్కడ వ్యాఖ్యలపై ఆశ వదులుకోవడమే మేలు.

పరిధి: గడువు తేదీ, పునరుద్ధరించాల్సిన వ్యక్తి, క్లయింట్లు నమ్మాల్సిన సీఏ (సర్టిఫికెట్ జారీ చేసే సంస్థ), మొదటి నుంచీ గుప్తంగా నడిచే 636 పోర్టా లేక 389పై కలిశాక గుప్తంగా మార్చే స్టార్ట్‌టీఎల్‌ఎస్సా అన్నవి విడి పత్రంలోనే చక్కగా ఇముడుతాయి. ప్రైవేట్ కీ ఎక్కడుందో రాయండి. కీని మాత్రం అందులో అతికించకండి!

ఖర్చు: దేనికీ లేదు.

ఒక్కరే చూసుకునే, స్లాప్‌డి.కాన్ఫ్‌తో నడిచే సర్వర్‌కు వ్యాఖ్యలు చాలు. సీఎన్=కాన్ఫిగ్ అయినా, క్లయింట్లు ఎక్కువైనా విడి పత్రమే.