మొటిమలు తక్కువే, కానీ పోవు: అడాపలీనా, బెంజాయిలా, సాలిసిలిక్కా?

"అక్కా, పెద్ద మొటిమలేం లేవు. నుదుటి మీద, గడ్డం మీద సన్నగా, గరుకుగా తగులుతుంటాయి. వారానికి ఒకటో రెండో ఎర్రగా లేస్తాయి. ఎన్ని రాసినా పోవట్లేదు. ఏది మంచిది?" నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ వైపు పిల్లలు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. ఈ మధ్య మా చెల్లెలి బిడ్డకు కూడా ఏదో ఒకటి తేల్చి చెప్పాల్సి వచ్చింది. అప్పుడు ఈ మూడు మందుల గురించి ఆలోచించిందంతా ఇక్కడ రాస్తున్నాను.

చాలామంది ఏ మందు మొటిమను తొందరగా ఎండగడుతుందో చూస్తారు. నేను చూసేది మచ్చను. మన చామనచాయ చర్మం మీద చిన్న మొటిమ వారం పది రోజుల్లో పోతుంది, అది వదిలిన నల్లమచ్చ మాత్రం నెలల తరబడి ఉంటుంది. మొటిమ ఒక్కటే కాదు, మందు ఎక్కువై చర్మం మండి, పొట్టు లేచినా మచ్చ పడుతుంది. అందుకే ఏ ట్యూబు పట్టుకున్నా రెండు విషయాలు అడగాలి. కొత్త మొటిమను పుట్టకముందే ఆపుతుందా? ఆ పని చర్మాన్ని మండించకుండా చేస్తుందా?

సాలిసిలిక్ యాసిడ్ నూనెలో కరుగుతుంది కాబట్టి జిడ్డుతో మూసుకుపోయిన రంధ్రంలోకి దిగి, అక్కడ అతుక్కుపోయిన మృతకణాలను వదులు చేస్తుంది. 2 శాతం దాకా ఉన్నవి డాక్టర్ చీటీ లేకుండానే దొరుకుతాయి. జిడ్డు ముఖం, బ్లాక్‌హెడ్స్ తప్ప ఇంకేమీ లేనివాళ్లకు ఇది చాలు. అయితే ఫేస్‌వాష్ రూపంలో అది ముఖం మీద ఉండేది ఒక నిమిషమే. రాసి వదిలేసే సీరమో, జెల్లో అయితే ఎక్కువ పనిచేస్తుంది. ఎర్రగా లేచే మొటిమల మీద దీని బలం అంతంత మాత్రమే.

ముక్కు సంగతి ఇక్కడే చెప్పాలి. అద్దానికి ముక్కు ఆనించి, రెండు వేళ్లతో నొక్కితే సన్నని దారాల్లా తెల్లగా బయటికి వస్తాయి కదా, అవి అందరికీ ఉంటాయి. జిడ్డు బయటికి వచ్చే దారి అది. ఎంత పిండినా మళ్లీ నిండుతుంది. దాన్ని జబ్బు అనుకుని గిల్లుకుని, ముక్కంతా పుండు చేసుకునే పిల్లల్ని చూస్తే నాకు బాధేస్తుంది. నిజమైన బ్లాక్‌హెడ్ పైన నల్లటి మూతతో కనిపిస్తుంది. ఆ నలుపు కూడా మురికి కాదు, కాబట్టి రుద్ది కడిగితే పోదు.

బెంజాయిల్ పెరాక్సైడ్ పని వేరు. ఇది మొటిమల బ్యాక్టీరియాను నేరుగా చంపుతుంది. యాంటీబయాటిక్స్‌కు అలవాటుపడినట్టు ఆ బ్యాక్టీరియా దీనికి అలవాటుపడదు, అదే దీని గొప్ప గుణం. 2.5, 5, 10 శాతాల్లో వస్తుంది. ఎర్ర మొటిమల మీద 2.5 శాతం చేసే పని 10 శాతానికి దాదాపు సమానమే, మంట మాత్రం చాలా తక్కువ. అందుకే షాపులో "గట్టిది ఇవ్వండి" అని అడగొద్దు. ఇంకో సంగతి, ఇది రంగు తినేస్తుంది. మా ఇంట్లో ముదురు ఎరుపు పోచంపల్లి దుప్పటి మీద తల ఆనే చోట మాత్రం నారింజ రంగు మరకలు పడ్డాయి, ఎన్ని ఉతుకులు ఉతికినా అవి అంతే. తెల్ల తువ్వాలు, తెల్ల దిండు గలేబు పెట్టుకుని వాడాలి. చీము పట్టే మొటిమలు ఎక్కువగా ఉంటే దీన్నే ముందు తీసుకోమంటాను. నుదుటి మీది గరుకుకు మాత్రం ఇది ఒక్కటే సరిపోదు.

ఇక అడాపలీన్. నా మొగ్గు దీనివైపే.

మొటిమ కళ్లకు కనపడేటప్పటికి లోపల కథ చాలావరకు అయిపోయి ఉంటుంది. రంధ్రం గోడ నుంచి రాలాల్సిన కణాలు రాలకుండా ఒకదానికొకటి అంటుకుని, జిడ్డుతో కలిసి బిరడాలా బిగుసుకుంటాయి. అది కంటికి ఆనని దశలో కొన్ని వారాలు ఉంటుంది. అడాపలీన్ పనిచేసేది సరిగ్గా ఆ దశలో. బిరడా పడనివ్వదు. వైట్‌హెడ్స్, బ్లాక్‌హెడ్స్, వాటి నుంచి లేచే ఎర్ర మొటిమలు, మూడూ తగ్గుతాయి. మచ్చకు కారణమే పుట్టకుండా చూస్తుంది కాబట్టి మన చర్మానికి ఇదే మేలని నా గట్టి అభిప్రాయం. రెటినాయిడ్లలో, అంటే విటమిన్ ఎ జాతి మందుల్లో, కాస్త నెమ్మదైనది కూడా ఇదే. అమెరికాలో 2016 నుంచి 0.1 శాతం జెల్‌ను చీటీ లేకుండానే అమ్ముతున్నారు. మన దగ్గర మాత్రం ఒకసారి డాక్టర్‌కు చూపించుకుని మొదలుపెట్టడమే మంచిది.

చాలామంది దీన్ని మూడో వారంలో పారేస్తారు. మొదటి రెండు మూడు వారాల్లో ముఖం పొడిబారుతుంది, మూతి పక్కన పొట్టు లేస్తుంది, లోపల ఉన్నవి ఒకేసారి పైకి వచ్చి మొటిమలు పెరిగినట్టే కనిపిస్తాయి. "నాకు పడలేదు" అని ఆపేస్తారు. ఫలితం తెలిసేది ఎనిమిది నుంచి పన్నెండు వారాలకు. అంతవరకు ఓపిక పట్టగలిగేలా మొదలుపెట్టడంలోనే ఉంది అసలు కిటుకు. రాత్రి ముఖం కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, ముందు మాయిశ్చరైజర్ రాయాలి. తర్వాత బఠాణీ గింజంత జెల్ తీసుకుని నుదురు, రెండు బుగ్గలు, గడ్డం మీద చుక్కలు పెట్టి ముఖమంతా పలచగా పరచాలి. కళ్ల చుట్టూ, పెదాల మూలల్లో, ముక్కు పక్క మడతల్లో వద్దు. ఉన్న మొటిమ మీద మాత్రమే అద్దితే లాభం లేదు, రాబోయేది ఎక్కడ వస్తుందో ఎవరికి తెలుసు? మొదట్లో రెండు మూడు రాత్రులకోసారి, చర్మం తట్టుకున్నాక రోజూ.

నల్లగొండలో ఏప్రిల్, మే ఎండలు 44 డిగ్రీలు దాటడం మనకు కొత్త కాదు. ఆ ఎండలో బస్టాండులో నిలబడేవాళ్లకు, చేను పనికి పోయేవాళ్లకు కొత్తగా అడాపలీన్ మొదలుపెట్టమని నేను చెప్పను. వానలు పడ్డాక మొదలుపెడితే ఎండాకాలం వచ్చేసరికి చర్మం అలవాటుపడి ఉంటుంది. ఎప్పుడు మొదలుపెట్టినా పగలు సన్‌స్క్రీన్ తప్పదు, బయటికి పోతే చున్నీనో, టోపీనో ఉండాలి. మా చెల్లెలి బిడ్డ కూడా కాలేజీలు తెరిచాకే మొదలుపెట్టింది. ఇప్పుడు నుదుటి మీద చెయ్యి వేస్తే నున్నగా ఉంది, పాత మచ్చలు ఇంకా తగ్గుతూ ఉన్నాయి.

అడాపలీన్ ఒక్కటే చాలకపోతే బెంజాయిల్‌ను జతచేస్తారు. రెండూ కలిపిన జెల్ కూడా ఉంది. పాత రెటినాయిడ్ అయిన ట్రెటినాయిన్‌ను బెంజాయిల్ పాడుచేస్తుంది, అడాపలీన్‌కు ఆ ఇబ్బంది లేదు. సాలిసిలిక్‌ను కూడా అదే రాత్రి రాయడం మాత్రం చర్మాన్ని మండించుకోవడమే.

మిగతావి క్లుప్తంగా. క్లిండామైసిన్ అనే యాంటీబయాటిక్ జెల్ ఒక్కదాన్నే నెలల తరబడి వాడితే బ్యాక్టీరియా మొండికేస్తుంది, బెంజాయిల్ తోడుగా ఉండాలి. అజెలాయిక్ యాసిడ్ మచ్చలకు కూడా పనికొస్తుంది. నియాసినమైడ్ (విటమిన్ బి3 రకం) వీటికి తోడుగా సరే. ముల్తానీ మట్టి ఆ పూటకు జిడ్డు తీస్తుంది. నిమ్మరసం, టూత్‌పేస్ట్ వద్దే వద్దు.

ఒక్క దాని గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. మెడికల్ షాపులో "మొటిమలకు, తెల్లగా అవడానికి" అని అడిగితే చేతిలో పెట్టే ట్యూబు మీద బీటామెథాసోన్, మోమెటాసోన్, క్లోబెటాసోల్ లాంటి పేరుంటే అక్కడే వెనక్కి ఇచ్చేయండి. అవి స్టెరాయిడ్లు. మొదట ముఖం తేటగా అవుతుంది. తర్వాత చర్మం పలచబడి, ఎర్రబడి, వెంట్రుకలు మొలిచి, మానేస్తే మొటిమలు విరుచుకుపడతాయి. 2018లో కేంద్రం ఇలాంటి క్రీములు చీటీ లేకుండా అమ్మకూడదని నియమం తెచ్చింది. అయినా పెళ్లిళ్ల సీజన్‌లో వీటిని రాసుకుని ముఖం పాడుచేసుకున్న ఆడపిల్లల్ని చూస్తూనే ఉన్నాను.

నీళ్ల గురించి కూడా అడుగుతారు. నల్లగొండ నీళ్లంటే ఫ్లోరైడే గుర్తొస్తుంది కాబట్టి మొటిమల్ని కూడా దాని ఖాతాలో వేస్తారు. ఉప్పు బోరు నీళ్లకు సబ్బు సరిగా వదలదు, చర్మం పొడిబారుతుంది, అంతవరకు నిజం. దానికి సబ్బు మాని మెత్తటి క్లెన్సర్‌తో రోజుకు రెండుసార్లు కడిగితే సరి. నుదుటి మీదే గరుకు ఉంటే నీళ్లకన్నా ముందు తలనూనెను చూడండి. హాస్టల్ పిల్లలు జడ బిగించేటప్పుడు కొబ్బరినూనె నుదుటి దాకా దించుతారు, ఆ వరుసలోనే రంధ్రాలు మూసుకుపోతాయి.

గర్భంతో ఉన్నవాళ్లు, పిల్లల కోసం చూస్తున్నవాళ్లు అడాపలీన్ వాడకూడదు. వాళ్లు డాక్టర్‌ని అడిగి అజెలాయిక్ వైపు పోవచ్చు. లోతుగా గడ్డలు కట్టి నొప్పి పెడుతున్నా, గుంటలు పడుతున్నా, నెలసరి తప్పుతూ గడ్డం మీద వెంట్రుకలు వస్తున్నా ఈ మూడింటితో కాలం గడపకుండా చర్మ డాక్టర్‌కు చూపించుకోండి.