పాత విమానానికి వింగ్‌లెట్ బిగించడమా, కొత్త విమానం కొనడమా: ఏది మేలు?

దేవనహళ్లి విమానాశ్రయం ప్రహరీ అవతల ఒక గట్టు ఉంది. అక్కడ నిలబడితే దిగడానికి వస్తున్న విమానాల రెక్కల కొసలు దగ్గరగా, స్పష్టంగా కనిపిస్తాయి. మొన్న ఆదివారం మా మేనల్లుణ్ణి అక్కడికి తీసుకెళ్లాను. వాడు బెంగళూరులోనే ఏరోనాటికల్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాడు. రెక్క కొస పైకి తిరిగిన (ఆ తిరిగిన ముక్కనే వింగ్‌లెట్ అంటారు) ఒక బోయింగ్ 737-800 మా నెత్తి మీదుగా వెళ్లగానే, "మామయ్యా, పాత విమానాలకు ఈ రెక్క ముక్కలు అతికించే బదులు వాటిని అమ్మేసి కొత్తవి కొనుక్కోవచ్చు కదా?" అని అడిగాడు. ఇరవై రెండేళ్లు హ్యాంగర్లలో రెక్కల పనే చేసినవాణ్ణి, అయినా ఒక్క మాటలో జవాబు చెప్పలేకపోయాను. ఇంటికి వచ్చి కాగితం తీసుకుని కూర్చున్నాను.

ఎగిరేటప్పుడు రెక్క కింద గాలి ఒత్తిడి ఎక్కువగా, పైన తక్కువగా ఉంటుంది. కింది గాలి రెక్క కొస దగ్గర పైకి పొర్లి సుడి తిరుగుతుంది. వానాకాలం సాయంత్రాల్లో దిగే విమానం రెక్క చివర నుంచి తెల్లటి దారంలాంటిది సాగుతుంది, గమనించారా? ఆ సుడి అదే. దాన్ని తిప్పే శక్తి కూడా మనం పోసిన ఇంధనం నుంచే వస్తుంది. పైన నిలకడగా ఎగిరేటప్పుడు విమానాన్ని వెనక్కి లాగే మొత్తం నిరోధంలో సుమారు 40 శాతం దీని వల్లే పుడుతుంది. టేకాఫ్ తర్వాత తక్కువ వేగంతో పైకెక్కేటప్పుడు దీని వాటా ఇంకా చాలా ఎక్కువ. గద్ద గాలిలో తేలుతూ రెక్క చివరి ఈకలను వేళ్లలా విచ్చుకుని పైకి వంచేది ఈ సుడిని తగ్గించుకోవడానికే.

రెక్క కొసకు అడ్డుపలక పెట్టాలన్న ఆలోచనకు 1897లోనే లాంచెస్టర్ అనే ఆంగ్లేయుడు పేటెంటు తీసుకున్నాడు. 1973లో చమురు ధర మండిపోయాక నాసా లాంగ్లీ కేంద్రంలో రిచర్డ్ విట్‌కాంబ్ దానికి సరైన ఆకారం, కోణం కనిపెట్టి 1976లో ప్రచురించాడు. 1979-80లో కేసీ-135 అనే సైనిక విమానం మీద పరీక్షిస్తే 6 శాతానికి పైగా ఇంధనం మిగిలింది.

సుడి తగ్గడానికి రెక్కనే పొడిగించవచ్చు కదా అని మేనల్లుడి రెండో ప్రశ్న. లెక్క ప్రకారం అదే మంచి పద్ధతి. బోయింగ్ 787 రెక్క కొస వెనక్కి వాలుతూ పొడవుగా సాగడానికి కారణం అదే. కానీ ఈ తరగతి విమానాలు నిలిచే గేట్ల వద్ద ఒక రెక్క కొస నుంచి రెండో రెక్క కొస దాకా వెడల్పు 36 మీటర్ల లోపే ఉండాలి. వింగ్‌లెట్ లేని 737-800 వెడల్పు 34.3 మీటర్లు, బిగించాక 35.8 మీటర్లు. షార్క్‌లెట్లు (ఎయిర్‌బస్ తన వింగ్‌లెట్లకు పెట్టిన పేరు) ఉన్న ఎయిర్‌బస్ ఏ320ది కూడా 35.8 మీటర్లే. పక్కకు పెరగడానికి చోటు లేదు కాబట్టి రెక్క పైకి పెరిగింది. రాబోయే 777ఎక్స్ గేటు దగ్గరకు రాగానే రెక్కల కొసలు మడుచుకుంటుంది. పాత విమానానికి అలాంటి మడత పెట్టడం కుదరని పని.

ఇక అసలు లెక్క. 737-800కు వింగ్‌లెట్లు బిగిస్తే 926 కిలోమీటర్ల ప్రయాణంలో 2.5 శాతం, 1,852 కిలోమీటర్లకు 3.5 శాతం, దానికి రెట్టింపు దూరానికి 4 శాతం ఇంధనం తగ్గుతుందని బోయింగ్ ప్రచురించిన పట్టిక చెబుతోంది. కిలోల్లో చూస్తే మొదటి దూరానికి 83, రెండోదానికి 215. బెంగళూరు నుంచి ఢిల్లీకి దాదాపు 1,700 కిలోమీటర్లు, కాబట్టి సుమారు 200 కిలోలు మిగులుతుంది. రోజుకు రెండుసార్లు వెళ్లి వస్తే 800 కిలోలు, ఏడాదికి 330 రోజులు ఎగిరితే 264 టన్నులు. కిలో ఇంధనం కాలితే 3.16 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. అంటే ఒక్క విమానం వల్ల ఏడాదికి 830 టన్నుల పైచిలుకు పొగ తగ్గినట్టు. నాకు ఇది చిన్న విషయంగా తోచదు.

టన్ను ఇంధనం లక్ష రూపాయలనుకుందాం. ఏడాదికి 2 కోట్ల 64 లక్షలు మిగులుతాయి. కిట్టు ధర, కూలి, విమానం నేల మీద నిలిచిన రోజుల నష్టం అన్నీ కలిపి పది కోట్లనుకుంటే నాలుగేళ్లలోపే పెట్టుబడి తిరిగొస్తుంది. అదే విమానాన్ని బెంగళూరు, హైదరాబాదుల మధ్యే రోజుకు ఎనిమిది సార్లు తిప్పితే? దూరం అయిదు వందల కిలోమీటర్లు కూడా ఉండదు. నా అంచనాలో ప్రతిసారీ 45 కిలోలకు మించి మిగలదు. పది కోట్లు రాబట్టడానికి ఎనిమిదేళ్లు దాటుతుంది. అప్పటికి ఆ విమానం మన దగ్గర ఉంటుందా అన్నది వేరే ప్రశ్న. మన దేశంలో చాలా విమానాలు లీజుకు తెచ్చినవే. వింగ్‌లెట్‌కు డబ్బు పెట్టేది ఒకరు, ఇంధనం మిగిలేది మరొకరికి. లీజు మూడేళ్లలో ముగుస్తుందంటే ఎవరూ ముందుకు రారు.

బిగించడం తలుపుకు గొళ్లెం బిగించినంత తేలిక అని బయటివాళ్లు అనుకుంటారు. కొస మీద ఎనిమిది అడుగుల నిలువు పలక నిలబెడితే గాలి తోపుడు రెక్క మొదలు దాకా పాకుతుంది. కాబట్టి లోపలి దూలాలను, పక్కటెముకలను బలపరచాలి. ఆ పని ఇంధన ట్యాంకు దాకా వస్తుంది. ముందు ఇంధనమంతా దించేసి, బ్లోయర్లతో గాలి కొట్టి, ఆవిరి మిగల్లేదని మీటరు చూపించాకే లోపల చెయ్యి పెట్టనిస్తారు. కొస వైపు వెళ్లేకొద్దీ రెక్క పలచబడి, కోడిగుడ్డు ఆకారపు రంధ్రంలోంచి ఒక్క చెయ్యి మాత్రమే దూరుతుంది. రెక్క కింద మెడ వెనక్కి విరుచుకుని నిలబడి, ఒక చేత్తో అద్దం, టార్చి పట్టుకుని, రెండో చేత్తో కనిపించని బోల్టు మీద సీలెంటు పూస్తాం. ఒక్క బోల్టు దగ్గర పూత సరిగా కూర్చోకపోతే వారం తర్వాత ఇంధనం చెమ్మగిల్లి మళ్లీ మొదటికొస్తుంది. అందుకే తెలివైన సంస్థలు దీన్ని సి చెక్ అనే పెద్ద తనిఖీ సమయానికి పెట్టుకుంటాయి. విమానం ఎలాగూ వారాల పాటు విప్పి ఉంటుంది. ఫ్యాక్టరీ నుంచే వింగ్‌లెట్‌కు సిద్ధపరిచిన రెక్కతో వచ్చిన 737లకు ఈ బాధ చాలావరకు ఉండదు. పాత ఏ320లకు మాత్రం బలపరిచే పని ఎక్కువ, అందుకే వాటిని అలాగే వాడుకుని కొత్తవి షార్క్‌లెట్లతోనే తెప్పించుకోవడం మేలని నా అభిప్రాయం.

మేనల్లుడి మాటా తీసిపారేసేది కాదు. ఏ320 నియో కొత్త ఇంజిన్లతో, షార్క్‌లెట్లతో కలిపి పాతదానికంటే 15 నుంచి 20 శాతం తక్కువ తాగుతుంది. వింగ్‌లెట్ ఒక్కటే దాని దరిదాపులకు కూడా రాదు. కానీ ఇవాళ ఆర్డరిస్తే ఏళ్ల తరబడి వరుసలో నిలబడాలి. 2023లో ప్రాట్ అండ్ విట్నీ ఇంజిన్లలో లోహపు పొడితో చేసిన భాగాల్లో లోపం బయటపడి, ఎన్నో నియోలు ఇంజిన్ల కోసం నేల మీదే ఎదురుచూశాయి. వింగ్‌లెట్‌లో తిరిగే భాగమే లేదు. ఒకసారి సరిగా నిలబడితే, హ్యాంగరు తలుపుకో ట్రక్కుకో తగలనంత కాలం తన పని తాను చేసుకుపోతుంది.

మన ఊరికి ఇంకో లాభం ఉంది. బెంగళూరు విమానాశ్రయం సముద్రమట్టానికి 915 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడి గాలి చెన్నై గాలికంటే పలచన, విమానం పైకెక్కడానికి ఎక్కువ శ్రమపడుతుంది. వింగ్‌లెట్ ఆ ఎక్కే దశలోనే బాగా ఆదుకుంటుంది. మండు వేసవి మధ్యాహ్నం నిండు బరువుతో బయల్దేరే విమానానికి ఆ సాయం విలువ పైలట్లకు బాగా తెలుసు.

విజయవాడ, తిరుపతి లాంటి దగ్గరి ఊళ్ల సంగతి వేరు. అక్కడ ఈ వాదనే అనవసరం. ఏటీఆర్-72 లాంటి ప్రొపెల్లర్ విమానం అంత దూరానికి జెట్ కంటే చాలా తక్కువ ఇంధనంతో వెళుతుంది. ఇక ఇంధనం మిగల్చడానికి ఇంజిన్లు కడగడం, దిగాక ఒకే ఇంజిన్‌తో గేటు దాకా నడపడం ఎవరైనా ఎప్పుడైనా చెయ్యదగ్గవే. వాటికోసం వింగ్‌లెట్‌ను వదులుకోనక్కర్లేదు.

కాబట్టి నా చేతిలో ఉంటే ఇలా చేస్తాను. ఇంకా ఎనిమిది, పదేళ్లు ఎగరగలిగి, రెండు గంటలు దాటే రూట్లలో తిరిగే 737-800 సి చెక్‌కు వస్తే వింగ్‌లెట్ బిగించే పంపిస్తాను. లీజు మూడేళ్లలో తీరిపోయేదాన్ని, రోజంతా హైదరాబాదు చుట్టూ తిరిగేదాన్ని ముట్టుకోను. కొత్త విమానాల ఆర్డరు ఎలాగూ పెడతాను, అవి వచ్చేదాకా పాతవాటిని తక్కువ తాగేలా చూసుకుంటాను.

ఇదంతా ఫోనులో మేనల్లుడికి చదివి వినిపించాను. వాడు కాసేపు ఆగి, లీజు పత్రంలో రెక్కల మార్పు గురించి ఏం రాస్తారో చూపించమన్నాడు. వచ్చే ఆదివారం ఇంటికి రమ్మన్నాను.