వ్యూపాయింట్ కన్నా రాతి మండపమే నయం: కెమెరాతో తిరిగిన టూర్ విశేషాలు

కొండలు, జలపాతం, పాత రాతి కట్టడాలు, చివర్లో సముద్రం చూసుకుని వచ్చాం. ఫొటోల సంగతికొస్తే బాగా కలిసొచ్చింది రాతి కట్టడాల దగ్గర, అందరూ ఎగబడే వ్యూపాయింట్ మాత్రం దండగ. టూర్ బస్సు అక్కడికి మిట్టమధ్యాహ్నం తీసుకెళ్తుంది, నడినెత్తిన ఎండ, దూరపు కొండలన్నీ మసకమసగ్గా ఉంటాయి, ఏ సెట్టింగ్ పెట్టినా ఫొటో చప్పగానే వస్తుంది. పొద్దున్నే వెళ్లగలిగితే వెళ్లండి, లేదంటే ఆ పూట మండపంలోనే ఉండిపోండి.

కెమెరాని దాదాపు టూరంతా అపర్చర్ ప్రయారిటీలోనే ఉంచాను. నికాన్, సోనీ డయల్ మీద ‘ఏ’ అని, కెనాన్‌లో ‘ఏవీ’ అని ఉంటుంది. అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు దూరే రంధ్రం సైజు) మనం పెడితే షట్టర్ స్పీడ్ (వెలుతురు ఎంతసేపు లోపలికి రావాలో) కెమెరానే చూసుకుంటుంది. దానికి తోడు ఆటో ఐఎస్‌ఓ (ఐఎస్‌ఓ పెంచితే తక్కువ వెలుతురులోనూ ఫొటో వెలుగ్గా వస్తుంది) ఆన్ చేసి, మినిమమ్ షట్టర్ స్పీడ్ 1/125 సెకను అని పెట్టేస్తే నడుస్తూ తీసే ఫొటోలకి ఇక టెన్షన్ లేదు, వెలుతురు తగ్గితే కెమెరా ముందు ఐఎస్‌ఓ పెంచుతుంది తప్ప స్పీడ్ జోలికి పోదు. పిల్లలు పరిగెడుతుంటే 1/500 కావాలి. గ్రెయిన్ (ఫొటో మీద ఇసుక చల్లినట్టు కనిపించే చుక్కలు) వస్తుందని ఐఎస్‌ఓ పెంచడానికి చాలామంది భయపడతారు గానీ, గ్రెయిన్ ఉన్న ఫొటోని ఇష్టంగా దాచుకోవచ్చు, షేక్ అయిన ఫొటోని ఏం చేసుకుంటాం?

రాతి మండపంలో లోపలంతా చీకటి, ద్వారం అవతల మండే ఎండ. కెమెరా ఆ రెండిటినీ ఒకేసారి సరిగ్గా పట్టలేదు. అలాంటి చోట ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (కెమెరా లెక్క కన్నా ఫొటోని వెలుగ్గానో చీకటిగానో చేసే సెట్టింగ్) మైనస్ 1 దగ్గర పెట్టి రా ఫైల్‌లో (కెమెరా మార్పులు చేయకుండా దాచే ఫైల్) తీయండి. నీడల్ని తర్వాత ఎడిటింగ్‌లో పైకి లేపుకోవచ్చు, పూర్తిగా తెల్లబడిపోయిన చోట మాత్రం ఇక ఏమీ మిగలదు. ట్రైపాడ్, ఫ్లాష్ వద్దన్నారు కాబట్టి స్తంభానికి భుజం ఆనించి, ఊపిరి బిగబట్టి, ఎక్కువ చోటు ఫ్రేమ్‌లో పట్టే వైడ్ లెన్స్‌తో 1/30కి దిగి తీశాను, శిల్పాలు చక్కగా వచ్చాయి. ఇక్కడ గైడ్‌కి ఇచ్చే డబ్బు వృథా కాదు. కథలు ఎలాగూ చెప్తారు, ఏ గోడ మీదికి ఎండ ఎప్పుడు వస్తుందో కూడా మా గైడ్‌కి తెలుసు, మనకి కావలసింది అదే.

జలపాతం దగ్గర నీళ్లు పాలధారలా రావాలంటే అర సెకను షట్టరైనా ఉండాలి. మంచి ఎండలో ఐఎస్‌ఓ 100, అపర్చర్ బాగా చిన్నగా ఎఫ్/16 పెట్టినా స్పీడ్ 1/100 దగ్గరే ఆగిపోతుంది. వెలుతురుని 64 వంతుల్లో ఒక వంతుకి తగ్గించే ఆరు స్టాపుల (ఒక్కో స్టాపుకి వెలుతురు సగం అవుతుంది) ఎన్‌డీ ఫిల్టర్, అంటే లెన్స్ ముందు పెట్టే నల్లటి అద్దం, బిగిస్తే అదే స్పీడ్ అర సెకను దాటుతుంది. అంతసేపు చేత్తో పట్టుకుని తీయలేం కాబట్టి ట్రైపాడ్ మోయక తప్పదు. తుంపర లెన్స్ మీద పడుతూనే ఉంటుంది, మెత్తని గుడ్డ జేబులోనే ఉంచుకోండి.

సముద్రం దగ్గర అంతా తిరగబడుతుంది. తెల్లటి ఇసుకని చూసి కెమెరా వెలుగు ఎక్కువైందనుకుని ఫొటోని బూడిద రంగులోకి లాగేస్తుంది, ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ ప్లస్ 1 పెట్టండి. సూర్యాస్తమయానికి వైట్ బ్యాలెన్స్ (రంగుల్ని సరిచేసే సెట్టింగ్) ఆటోలో వదిలేస్తే ఆ ఎరుపుని తగ్గించే అవకాశం ఎక్కువ, డేలైట్ పెడితే కంటికి కనిపించినట్టే ఉంటుంది.

బస రెండు చోట్ల. మొదటిది ఏసీ రూమ్, చూడటానికి బాగుంది గానీ కిటికీ తెరిస్తే పక్క గోడే, ప్లగ్ పాయింట్ మంచం వెనక ఎక్కడో ఉంది. పైగా చల్లటి గదిలోంచి కెమెరాని ఉక్కబోతలోకి తెస్తే లెన్స్‌కి ఆవిరి పడుతుంది, బ్యాగ్ జిప్ తీయకుండా కాసేపు బయట ఉంచాకే వాడాలి. రెండోది మామూలు లాడ్జి, కానీ తూర్పు వైపు డాబా ఉంది, తెల్లవారుజామున తాళం అడగ్గానే ఇచ్చారు. మళ్లీ వెళ్తే నేను దిగేది అక్కడే. బుక్ చేసే ముందు ఫోన్‌లో డాబా మీదికి వెళ్లనిస్తారా, కిటికీ ఎటు వైపు అని అడిగేయండి.

తిరగడానికి మాత్రం బస్సు కన్నా క్యాబ్ మేలు, ఆపమన్న చోట ఆపుతారు. బస్సే గతి అయితే 1/1000 స్పీడ్ పెట్టి, లెన్స్‌ని అద్దానికి తగలకుండా బాగా దగ్గరగా పట్టుకుంటే లోపలి ప్రతిబింబాలు చాలావరకు తగ్గుతాయి.