గోదావరి డెల్టాలో పక్షుల లెక్కకు ఈబర్డ్ యాప్: దేనికి పనికొస్తుంది, ఎక్కడ తడబడుతుంది

ఈబర్డ్ అమెరికాలోని కార్నెల్ పక్షి పరిశోధన కేంద్రం వాళ్లు 2002లో మొదలుపెట్టిన ఉచిత సేవ; ఎక్కడ, ఎప్పుడు, ఏ పక్షుల్ని ఎన్ని చూశామో ఇందులో నమోదు చేసుకోవచ్చు. డెల్టాలో పక్షుల మీద పని చేయాలనుకునే కుర్రాళ్లకు, జనంతో కలిసి సంరక్షణ పని చేసే సంస్థలకు ఇది తప్పకుండా ఉండాల్సిన పరికరమే. ఐదుకు నాలుగు మార్కులు ఇవ్వొచ్చు. తగ్గించిన ఆ ఒక్క మార్కూ పోటు పాటుల కోసం. కాకినాడ అఖాతంలో పక్షి ఎక్కడుంటుందో తేల్చేది నీళ్లే. ఆ నీళ్ల సంగతి రాయడానికి యాప్‌లో ప్రత్యేకంగా ఒక గడి లేదు.

బయల్దేరే ముందు ఇంట్లో నెట్ ఉండగానే మన ప్రాంతపు ప్యాక్ దింపుకోవాలి. కోరంగి మడ అడవుల్లో, కాకినాడ తీరంలోని ఇసుక దీవి హోప్ ఐలాండ్ మీద సిగ్నల్‌ని నమ్ముకోలేం. ప్యాక్ ఉంటే అక్కడ ఆ నెలలో కనిపించే పక్షుల జాబితా ఆఫ్‌లైన్‌లోనే తెరుచుకుంటుంది. సమయం, దూరం, నడిచిన దారి జీపీఎస్ సాయంతో యాప్ రాసుకుంటుంది. సిగ్నల్ దొరికాక, చూసిన పక్షుల లిస్టు పంపుకోవచ్చు.

పడవలో వెళ్లేవాళ్లు ఎక్కువగా చెడగొట్టుకునేది ఈ దారి లెక్కనే. రేవులో లిస్టు మొదలుపెట్టి, హోప్ ఐలాండ్ చుట్టి మళ్లీ రేవుకొచ్చి ఆపితే అన్నీ కలిపి ఒకే లిస్టు అవుతుంది. ఆ దీవి ఇసుక దిబ్బ మీది సముద్రపు ఆలాలు (టెర్న్ పక్షులు) రేవు పేరు మీద పడిపోతాయి. మడ కాలువకు ఒకటి, దిబ్బకు ఒకటి, బురద నేలకు ఒకటి విడివిడిగా పెట్టాలి. ఒక్కో లిస్టు గంటా, కిలోమీటరు దాటకపోతే మరీ మంచిది. 30 మీటర్ల పరిధిలో నిలబడి చూస్తే లిస్టు రకం స్టేషనరీ, కదిలితే ట్రావెలింగ్. ఆపడం మరిచిపోయి కాకినాడ బస్సెక్కారా, బస్సు నడిచిన కిలోమీటర్లు కూడా లిస్టులో చేరతాయి. పంపేముందు దూరం, సమయం దిద్దుకోవాలి.

ఇక పోటు. నీరు బాగా తీసినప్పుడు ఉల్లంకులు (బురదలో మేసే తీరపు పక్షులు) కనుచూపు దాటి బురదంతా చెల్లాచెదురుగా మేస్తుంటాయి, స్కోపుకు (దుర్భిణికి) కూడా అందవు. నీరెక్కేకొద్దీ ఒడ్డుకు జరుగుతాయి. నిండు పోటులో ఇసుక దిబ్బల మీద, ఉప్పు మడుల్లో, ఎండిన రొయ్యల చెరువుల్లో గుంపుగా నిలబడతాయి. లెక్కకు సరైన వేళ నిండు పోటుకు రెండు గంటల ముందు నుంచి. పోటు రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. ఈ ఆదివారం ఏడింటికి నిండు పోటైతే, వచ్చే ఆదివారం అదే ఏడింటికి నీరు దాదాపు పూర్తిగా తీసి ఉంటుంది. వారం వారం ఒకే వేళకు వెళ్లి అంకెలు పోల్చి, పక్షులు తగ్గిపోయాయని రిపోర్టు రాస్తే అది పక్షుల లెక్క కాదు, నీళ్ల లెక్క. అందుకని ప్రతి లిస్టు కామెంట్లలో ఒకే పద్ధతిలో రాయండి: ‘నిండు పోటు 9.40, నీరు ఎక్కుతోంది, దిబ్బ సగం మునిగింది.’ తర్వాత మన లిస్టులన్నీ ఒకే ఫైలుగా దింపుకున్నప్పుడు కామెంట్లూ కలిసే వస్తాయి, పోటును బట్టి వేరు చేసుకోవచ్చు.

గుంపును లెక్కపెట్టేటప్పుడు ముందు పది పక్షులు ఎంత మేర ఆక్రమించాయో చూసుకుని, ఆ కొలతతో యాభై, వంద చొప్పున జరుపుకుంటూ పోవాలి. అంకె బదులు ఎక్స్ కొడితే పక్షి ఉందని మాత్రమే తెలుస్తుంది, ఎన్ని ఉన్నాయో ఎప్పటికీ తేలదు. ఉజ్జాయింపు అంకె అంతకన్నా వంద రెట్లు మేలు. పోల్చుకోలేని వాటికి యాప్‌లో ‘షోర్‌బర్డ్ ఎస్‌పి’, ‘టెర్న్ ఎస్‌పి’ లాంటి పద్దులున్నాయి (ఎస్‌పి అంటే ఏ జాతో తేలలేదని), మొహమాటం లేకుండా వాడండి. 2023లో లెస్సర్ శాండ్ ప్లోవర్ అనే తీరపు పక్షిని సైబీరియన్, టిబెటన్ అని రెండుగా విడదీశారు. దూరం నుంచి తేలకపోతే రెండు పేర్లూ కలిపిన పద్దు ఉంది. అంతరించే ప్రమాదంలో ఉన్న గ్రేట్ నాట్ లాంటి తీరపు పక్షిని రాస్తే యాప్ వివరం అడగొచ్చు. ముక్కు పొడవు, రొమ్ము మీది మచ్చలు, పక్కన ఏ పక్షి ఉందో రాసి, ఎంత మసగ్గా ఉన్నా ఫోటో జోడించండి. లిస్టు పరిశీలించేది వాలంటీర్లే, వాళ్లకు మీ రాత, ఫోటో తప్ప ఇంకో ఆధారం లేదు.

చివర్లో ‘పోల్చుకున్న పక్షులన్నీ రాశారా’ అని అడుగుతుంది. కాకుల్ని, గోరింకల్ని వదిలేసి అవునని నొక్కితే, ఆ రోజు అక్కడ కాకులే లేవని డేటాలో నమోదవుతుంది.

రొయ్యల చెరువుల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. పట్టుబడి రోజున నీళ్లు వదలగానే చుట్టుపక్కల నత్తగుల్ల కొంగలు, తెల్ల కొంగలు ఒక్క చెరువు మీదికే దిగుతాయి. ఆ అంకె పక్కన ‘పట్టుబడి’ అని రాయకపోతే తర్వాత చూసేవాళ్లు ఆ చెరువును గొప్ప పక్షి స్థావరం అనుకుంటారు. రైతును అడగకుండా మ్యాప్‌లో ఆయన చెరువు మీద పిన్ను గుచ్చకండి. కొంగలతో నష్టపోతున్న మనిషికి తన చెరువు ఫలానా పక్షులకు నెలవని ఊరందరికీ తెలియడం రుచించదు. ఆయన ఒక్కసారి గట్టు మీదికి రావద్దన్నాడంటే ఆ ఊళ్లో పని ఆగినట్టే. గూళ్ల కాలనీ ఉన్న చోటి లిస్టును బయటికి కనపడకుండా దాచే వీలుంది. అది వాడండి.

జనంతో చేసే పనిలో యాప్‌కు ఉన్న అసలు ఇబ్బంది, లిస్టు ఖాతా ఉన్నవాళ్ల పేరు మీదే పడటం. దిబ్బ మీద పక్షులు ఎక్కడ కూర్చుంటాయో చూపించి, ఏ వైపు నుంచి వెళ్తే లేవవో చెప్పి పడవ నడిపిన మత్స్యకారుడు ‘పరిశీలకులు: 3’ అనే అంకెలో కలిసిపోతాడు. ఊరి బృందంతో పనిచేసేవాళ్లు ముందు తెలుగులో గళ్ల కాగితం కొట్టించుకోవాలి: చోటు, తిథి, పోటు వేళ, మొదలు, ముగింపు, పక్షికి వాళ్లు పిలిచే పేరు, ఎన్ని. సాయంత్రం అందరూ కూర్చుని, పుస్తకంలో బొమ్మ చూసి పేరు ఖాయం చేసుకున్నాకే యాప్‌లోకి ఎక్కించాలి. బృందం పేరుతో ఒక ఖాతా తెరిచి లిస్టును దానికి షేర్ చేయాలి. అదే పక్షుల్ని ఇద్దరూ విడివిడిగా పంపితే లెక్క రెట్టింపవుతుంది కాబట్టి షేర్ చేయడమే పద్ధతి. చూసినవాళ్లు ఒప్పుకుంటే వాళ్ల పేరు కామెంట్లలో రాయాలి, కాగితాన్ని ఊళ్లోనే ఉంచాలి.