బ్లూటూత్ ఓబీడీ స్కానర్, మూడేళ్ల వాడకం తర్వాత: పెడల్ సెన్సర్ తప్పును ఎంతవరకు పట్టిస్తుంది?

యాక్సిలరేటర్ పెడల్ తొక్కినా పికప్ రాదు, ఇంజిన్ లైట్ వెలుగుతుంది, బండి లింప్ మోడ్‌లోకి (పవర్ తగ్గించుకుని మెల్లగా నడిచే స్థితి) పడిపోతుంది. ఈ తంటాకి, బండి కంప్యూటర్ (ఈసీయూ) నమోదు చేసిన తప్పు కోడ్లను ఫోన్‌లో చూపించే చిన్న బ్లూటూత్ స్కానర్ చాలుతుందా అంటే, సగమే. మిగతా సగం వోల్టేజీ కొలిచే మల్టీమీటర్ పని.

కోడ్లు చదవడంలో వంక పెట్టడానికేం లేదు. పీ2122, పీ2127 అంటే సిగ్నల్ వోల్టేజీ మరీ తక్కువ. పీ2123, పీ2128 అంటే మరీ ఎక్కువ. పీ2138 అంటే పెడల్‌లోని రెండు సెన్సర్ల ('డి', 'ఇ') లెక్క ఒకదానితో ఒకటి కుదరడం లేదని. వీటిలో ఏదీ పెడల్ పోయిందని చెప్పదు, ఆ సర్క్యూట్‌లో తేడా ఉందంటుంది, అంతే. పీ2135 చూసి పెడల్ మార్చేసేవాళ్లూ ఉన్నారు. అది ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని అదుపు చేసే థ్రాటిల్ బాడీ సెన్సర్ల కోడ్!

స్కానర్ అసలు ఉపయోగం లైవ్ డేటాలో, అంటే సెన్సర్ల రీడింగులు అప్పటికప్పుడు కనిపించడంలో ఉంది. పెడల్ వదిలేసి ఉన్నా 'డి' సెన్సర్ 15 శాతం దగ్గర కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. 5 వోల్టుల్లో 0.75 వోల్టు అన్నమాట. చాలా బండ్లలో 'ఇ' సెన్సర్ దానికి సగం, 7-8 శాతం చూపిస్తుంది. పూర్తిగా తొక్కినా 100కి చేరదు. సున్నాని, 5 వోల్టులని కావాలనే ఖాళీగా వదిలారు, వైరు తెగితే ఈసీయూకి వెంటనే తెలియాలని. అంకెలు బండిని బట్టి మారతాయి, కొన్నిటిలో సగం లెక్క కూడా ఉండదు. మాన్యువల్ చూసుకోవాలి.

పెద్ద లోపం వేగం. సెకనుకు వచ్చేవే కొన్ని రీడింగులు, పది అంశాలు ఒకేసారి పెడితే ఇంకా తగ్గుతాయి. డి, ఇ రెండే ఎంచుకుని, పెడల్‌ని పది పదిహేను సెకన్లపాటు మెల్లగా తొక్కాలి. పాత పొటెన్షియోమీటర్ రకంలో (లోపల పట్టీ మీద రాసుకుంటూ కదిలేది) ఎక్కువగా అరిగేది మొదటి కొంత దూరమే, అక్కడ ఇంకా నెమ్మదిగా. అయినా రెప్పపాటు డ్రాప్ జారిపోతుంది.

అందుకే మీటర్. ఇగ్నిషన్ ఆన్, ఇంజిన్ ఆఫ్. పెడల్ కనెక్టర్ పెట్టి ఉంచే, దాని వెనక నుంచి సన్నని పిన్ను దూర్చాలి. వైరు తొడుగుని గుచ్చకూడదు, ఆ చిల్లులోంచే తర్వాత తుప్పు మొదలవుతుంది. సాధారణంగా ఆరు వైర్లు: రెండు 5 వోల్టులవి, రెండు ఎర్త్‌లు, రెండు సిగ్నళ్లు. 5 వోల్టులు 4.9-5.1 మధ్య ఉండాలి. ఎర్త్ వైరుకీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య 0.1 వోల్టు దాటకూడదు. ఎర్త్ తెగితే సిగ్నల్ 5 దాకా ఎగబాకుతుంది, కాబట్టి పీ2123 వస్తే ముందు ఎర్త్ చూడండి. 5 వోల్టులే రాకపోతే పెడల్‌ని అనుమానించడం దండగ, అదే లైనును పంచుకునే ఇంకో సెన్సర్ షార్ట్ అయి ఉండొచ్చు. ఒక్కొక్కటీ ఊడదీస్తూ వోల్టేజీ తిరిగొస్తుందేమో గమనించాలి. హాల్ రకం (అయస్కాంతంతో పనిచేసే) సెన్సర్‌కి ఓమ్ పరీక్ష, అంటే మీటర్‌తో నిరోధం కొలవడం, పనికిరాదు.

కొత్త పెడల్ కొనేముందు కనెక్టర్‌ని కదిపి చూడండి, కార్పెట్ కింద తడి ఉందేమో తడిమి చూడండి. బ్రేక్ స్విచ్ ఇరుక్కున్నా కొన్ని బండ్లు ఇలాగే పవర్ కోసేస్తాయి.

పని అయ్యాక స్కానర్‌ని పీకేయాలి. దాన్ని గుచ్చే సాకెట్‌లోని 16వ పిన్నుకి బ్యాటరీ కరెంటు ఎప్పుడూ ఉంటుంది, రోజుల తరబడి వదిలేస్తే బ్యాటరీ దిగిపోవచ్చు. కొన్ని బండ్లలో పెడల్ మార్చాక వదిలిన స్థానాన్ని ఈసీయూకి నేర్పించాలి. దానికి స్కానర్ మెనూలో వెతికితే ఏమీ దొరకదు, ఆ బండి మాన్యువల్‌లోని పద్ధతో, కంపెనీ టూలో కావాలి.